ఊపిరి బిగబట్టకండి



సముద్రం లేని సిద్దిపేట జిల్లాలో స్కూబా డైవింగ్ ముచ్చటెందుకని మీరు అడగొచ్చు. ఆ విద్యకు దారి వేసిన జాక్ కూస్తో కూడా ముందు కోరుకున్నది ఆకాశాన్నే. ఫ్రెంచి నౌకాదళంలో విమానం నడపాలనుకున్నాడు. కారు ప్రమాదంలో చేతులు విరిగి ఆ ఆశ పోయింది. టూలాన్ రేవులో కొలువు చేస్తుండగా, 1936లో ఫిలిప్ తాయే అనే తోటి అధికారి అతనికి నీటిలో చూసే కళ్లద్దాలు ఇచ్చాడు. నీటి కింది లోకం కనబడింది. ఇక దాన్ని వదల్లేదు. 1943లో ఇంజనీరు ఎమిల్ గన్యాన్‌తో కలిసి నీటి కింద ఊపిరి పీల్చుకునే పరికరం ఆక్వాలంగ్‌ను తయారుచేశాడు.

దాని కీలకం రెగ్యులేటర్‌లో ఉంది. మనం పీల్చినప్పుడే గాలి వస్తుంది, అదీ చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి సమానమైన ఒత్తిడితో. పది మీటర్ల లోతున ఆ ఒత్తిడి పైనున్న దానికి రెట్టింపు.

తమ్ముళ్లూ, ఇక్కడే జాగ్రత్తగా వినాలి. బావిలో దూకేవాళ్లకు ఊపిరి బిగబట్టడమే విద్య. గట్టు మీద పీల్చిన గాలి లోతుకు పోతే కుంచించుకుంటుంది, పైకొస్తే మళ్లీ మామూలవుతుంది. స్కూబాలో అదే అలవాటు ప్రాణం తీస్తుంది. పది మీటర్ల కింద నిండుగా పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెట్టింపు చోటు కోరుతుంది. బిగబడితే ఊపిరితిత్తులు చిరుగుతాయి. అందుకే మొదటి పాఠం: శ్వాస ఆపొద్దు, మెల్లగా పైకి రా.

మన తెలుగు తీరంలో ఈ విద్య విలువ విశాఖకు బాగా తెలుసు. 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ అక్కడ మునిగినప్పుడు, మన నౌకాదళ డైవర్లు శిథిలం దాకా దిగి అది ఘాజీయేనని తేల్చారు. ఆ పనిలో పాలుపంచుకున్న ఐఎన్‌ఎస్ నిస్తార్ పేరునే, హిందుస్థాన్ షిప్‌యార్డ్ కట్టిన కొత్త డైవింగ్ నౌకకు పెట్టారు. 2025 జులై 18న అది విశాఖలోనే నౌకాదళంలో చేరింది.

మన చెరువుల్లో ఎవరైనా గల్లంతైతే గజ ఈతగాళ్లను పిలుస్తాం. వాళ్లు ఉత్త చేతులతో, ఒక్క ఊపిరి మీద బురద నీటిలో వెతుకుతారు. వాళ్ల ధైర్యానికి దండం పెడతాను. కానీ ధైర్యం ఒక్కటే చాలదు. వాళ్లకు శిక్షణ, సామాను ఇవ్వడం మన బాధ్యత. ఇక్కడి నుంచి ఫౌజుకో నేవీకో పోయే పిల్లలారా, అక్కడ డైవింగ్ నేర్చుకునే అవకాశం దొరికితే వదలకండి. నేర్చుకుని వచ్చి మన ఊళ్లలో నేర్పండి.