హెచ్‌ఐవీ టెస్ట్ చేయించుకుంటే స్కాలర్‌షిప్ ఆగిపోతుందా?
(హాస్టల్ విద్యార్థులకు ఇచ్చిన ప్రసంగ పాఠం)

ఫీజు రీయింబర్స్‌మెంట్, హాస్టల్ సీటు పొందుతున్న డిగ్రీ, పాలిటెక్నిక్ విద్యార్థుల కోసం ఈ మాటలు. వెనక బెంచీల్లో నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, పర్వాలేదు. చెవులు మాత్రం ఇటు పెట్టండి.

మీరు నోరు తెరిచి అడగరు గానీ, చీటీ మీద రాసి పంపే ప్రశ్న ఒకటుంది: "మేడమ్, టెస్ట్ చేయించుకుంటే కాలేజీకి తెలుస్తుందా? స్కాలర్‌షిప్ ఆపేస్తారా?"

ఆపకూడదు. 2017లో చేసిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. హెచ్‌ఐవీ ఉందన్న కారణంతో కాలేజీ సీటు గానీ, హాస్టల్ గది గానీ, ప్రభుత్వ లబ్ధి గానీ తీసేయడానికి వీల్లేదు. అడ్మిషన్‌కు ఈ రిపోర్టు తెమ్మని అడగడానికీ లేదు. మీరు ఒప్పుకోకుండా మీ రిజల్టును ఆసుపత్రివాళ్లు వార్డెన్‌కో ప్రిన్సిపాల్‌కో చెప్పకూడదు.

జిల్లా ఆసుపత్రిలో, ఏరియా ఆసుపత్రిలో ఐసీటీసీ అని బోర్డు ఉన్న గది ఉంటుంది. టెస్ట్ పూర్తిగా ఉచితం. ముందు కౌన్సిలర్ మాట్లాడతారు, మీరు సరేనంటేనే రక్తం తీస్తారు. అయితే నిన్న కలిసి ఇవాళ టెస్ట్ చేయించుకుంటే ఆ నెగెటివ్‌ను నమ్మలేం. టెస్టులో బయటపడటానికి వారాలు పడుతుంది. మూడు నెలలు నిండాక మళ్లీ చేయించుకోవాలి.

కండోమ్ చిరిగినా, ఎవరైనా బలవంతం చేసినా అంతకాలం ఆగొద్దు. 72 గంటల్లోపు, వీలైతే అదే రోజు, పెద్దాసుపత్రికి వెళ్లండి. డాక్టర్ అవసరమనుకుంటే 28 రోజులు వాడాల్సిన మందు ఇస్తారు. ఎవరేమనుకుంటారో అని కూర్చుంటే ఆ గంటలు తిరిగి రావు.

కండోమ్ గురించి సిగ్గు లేకుండా చెప్తాను. ప్యాకెట్ మీద తేదీ చూడండి. పర్సులో నెలల తరబడి పెడితే వేడికి పాడవుతుంది. కొబ్బరినూనె రాస్తే చిరుగుతుంది. ఒకటి మీద ఒకటి వేయకూడదు. ఇక ఆడపిల్లలూ, గర్భం రాకుండా వేసుకునే మాత్ర హెచ్‌ఐవీని ఆపదు, "ఈ ఒక్కసారికి వద్దులే" అనే మాటకు లొంగకండి. జాతరలో పచ్చబొట్టు వేయించుకుంటే సూది కొత్తదో కాదో అడగండి. కలిసి తింటే, ఒకే బాత్రూమ్ వాడితే, దోమ కుడితే ఇది రాదు. రూమ్మేట్‌ని దూరం పెట్టకండి.

ఒకవేళ పాజిటివ్ వస్తే ఏఆర్‌టీ సెంటర్‌లో మందులు ఉచితం. రోజూ తప్పకుండా వేసుకుంటే చదువు, ఉద్యోగం, పెళ్లి ఏదీ ఆగదు. రక్తంలో వైరస్ కనబడనంతగా తగ్గి, అలాగే ఉంటే కలయిక ద్వారా భాగస్వామికి సోకదు కూడా.

అనుమానాలుంటే 1097కు ఫోన్ చేయండి. డబ్బు పడదు, పేరు చెప్పనక్కర్లేదు. రూమ్‌లో ఇబ్బందైతే మేడ మీదికెళ్లి మాట్లాడుకోండి.