ఫిల్టరులో దొరికిన తునకలు

ఈ ఉదయం ఒక కారు ఇంజను గురించి మీతో మాట్లాడాలనుకుంటున్నాను. మనలో స్పోర్ట్స్ కారు ఉన్నవారు ఎక్కడో ఒకరు. కాని బండికి ఆయిల్ మార్పించడం దాదాపు అందరికీ తెలిసిన పనే. పాత ఆయిల్ దింపేస్తాం, కొత్త ఫిల్టరు బిగించి కొత్త ఆయిల్ పోయిస్తాం. పాత ఫిల్టరులో ఏముందో ఎవరు చూస్తారు?

చూసేవారున్నారు. జర్మనీకి చెందిన పోర్షే కంపెనీ 1996లో బాక్స్‌స్టర్ కారును, 1997లో 911 కారులో 996 అనే కొత్త తరాన్ని తెచ్చింది. వీటి యజమానులలో అనేకులు ఆయిల్ మార్చినప్పుడల్లా పాత ఫిల్టరును కోసి, కాగితపు మడతలు విప్పి, వెలుతురులో చూస్తారు. తునకలు కనబడితే అయస్కాంతం దగ్గర పెడతారు. గోధుమరంగు ప్లాస్టిక్ ముక్కలైతే చైను గైడ్లు అరుగుతున్నాయేమో చూసుకోవాలి. మెరుస్తూ అయస్కాంతానికి అంటకపోతే అల్యూమినియం కావచ్చు. అంటుకుంటే ఇనుము. అది బేరింగు నుండి వస్తున్నదేమోనని గుండె గుబేలుమంటుంది.

కారణం వినండి. బాక్స్‌స్టర్‌లోను, ఆనాటి సాధారణ 911లోను ఇంజను లోపల ఇంటర్మీడియట్ షాఫ్ట్ అనే ఇరుసు ఉంది. దాని ఒక కొన బేరింగు మీద తిరుగుతుంది. లోపల గ్రీజు పెట్టి, సీలు వేసి ఆ బేరింగును మూసేశారు. ఏళ్లు గడిచేకొద్దీ సీలు పాడవుతుంది. ఆయిల్ కొద్దికొద్దిగా లోపలికి దిగి గ్రీజును కడిగేస్తుంది. చుట్టూ మంచి ఆయిల్ పారుతూనే ఉంటుంది, కాని బేరింగుకు అది సరిగా అందదు. అన్ని కార్లలోనూ అది విరగలేదు. విరిగిన చోట మాత్రం టైమింగ్ తప్పి, పిస్టన్లు వాల్వులకు తగిలి, ఇంజను మొత్తం నాశనమైంది. 2001 నుండి 2005 వరకు వచ్చిన మోడళ్ల విషయమై అమెరికాలో కోర్టులో దావా పడి, 2013లో రాజీ అయింది. మరి విరుగుడు? చాలామంది మెకానిక్కులు సీలు లేని బేరింగు వేస్తారు. ఇంజను ఆయిలే దాన్ని తడుపుతుంది.

ప్రియులారా, మనలోనూ సీలు వేసి మూసుకున్న చోటు ఒకటుంటుంది. అన్నదమ్ముల మధ్య ఆస్తి తగాదా కావచ్చు, భార్యకు చెప్పని అప్పు కావచ్చు. ప్రతి ఆదివారం ఆరాధనకు వస్తాం, వాక్యం వింటాం. అది దాని చుట్టూ పారుతుందే గాని లోపలికి వెళ్లదు. లోపల అరుగుదల ఆగదు.

అయితే తునకలు ముందే కనబడతాయి. అన్నం దగ్గర కారణం లేకుండా వచ్చే కసురు, నాన్న గుమ్మంలో అడుగుపెట్టగానే ఆగిపోయే పిల్లల నవ్వు, ఇవే ఆ తునకలు. వాటిని చూడకుండా పారేయకండి. ఒక్క తునక చూసి బెదిరిపోకండి కూడా. అది ఎక్కడ నుండి వచ్చిందో కనుక్కోండి. దాన్ని మీకు చూపించిన మనిషి మీ శత్రువు కాదు. ఇంజను ఇంకా నడుస్తుండగానే దొరికిన తునక, బాగుచేసుకోవడానికి మనకు దొరికిన సమయం.

139వ కీర్తన చివర దావీదు తన హృదయాన్ని పరిశోధించమని తానే దేవుణ్ణి వేడుకున్నాడు. ఎవరూ బలవంతం చేయలేదు. ఈ వారం మీరు కూడా ఆ ప్రార్థన చేయండి. తరువాత ఇంట్లో ఒకరిని పక్కన కూర్చోబెట్టుకొని, “నాలో నీకు బాధ కలిగిస్తున్నది ఏమిటి?” అని అడగండి. జవాబు వచ్చేటప్పుడు అడ్డు చెప్పకండి. పూర్తిగా వినండి. అప్పు ఉంటే అంకెతో సహా చెప్పండి. తమ్ముడితో మాటలు లేకపోతే ముందు మీరే పలకరించండి.

మూసుకున్న చోటును తెరిచే ధైర్యం ప్రభువు మీకు అనుగ్రహించును గాక. ఆమేన్.