ఈడు తెచ్చే గంట: కిస్‌పెప్టిన్ పరిశోధన

(ప్లాటినం జూబ్లీ ఉత్సవాల సందర్భమున చేసిన విజ్ఞాన ప్రసంగ పాఠము)

ఆడపిల్ల రజస్వల అయినప్పుడు తెలుగు ఇళ్లలో "పెద్దమనిషి అయినది" అంటారు. మగపిల్లవానికి గొంతు మారి నూనూగు మీసాలు మొలిచినప్పుడు "ఈడు వచ్చినది" అంటారు. ఇంటి వెలుపల కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో వినిపించే ఊళ్లలో తరతరాలుగా స్థిరపడిన కుటుంబాలలో సైతము ఈ మాటలు నిలిచియున్నవి. అయితే ఆ ఈడు ఒక పిల్లకు పదేళ్లకు, మరొక పిల్లకు పద్నాలుగేళ్లకు ఎందుకు వచ్చును? కొందరికి అసలే రాకపోవుటకు కారణమేమి? ఈ ప్రశ్నలకు సమాధానము చాలా కాలము వరకు వైద్యశాస్త్రమునకు కూడ అందలేదు. అందిన సమాధానములో ఒక ముఖ్య భాగము గత పాతికేళ్లలో వెలుగు చూసినదే. దాని పేరు కిస్‌పెప్టిన్.

దీనిని గ్రహించుటకు ముందు శరీరములోని అధికార క్రమమును తెలిసికొనవలెను. మెదడు అడుగుభాగమున హైపోథాలమస్ అను చిన్న ప్రాంతమున్నది. దాని క్రింద చిక్కుడు గింజంత పీయూష గ్రంథి వ్రేలాడుచుండును. హైపోథాలమస్ పంపిన ఆజ్ఞను అందుకొని పీయూష గ్రంథి రెండు హార్మోన్లను రక్తములోనికి వదలును. అవి బాలికలలో అండాశయములను, బాలురలో వృషణములను మేల్కొలుపును. అప్పుడు ఈస్ట్రోజన్, టెస్టోస్టిరాన్ తయారై దేహములో యవ్వన లక్షణములు పొడచూపును. హైపోథాలమస్ పంపు ఆజ్ఞ పది అమైనో ఆమ్లముల గొలుసు. దానిని సంక్షిప్తముగా జి.ఎన్.ఆర్.హెచ్. అని పిలుతురు. దాని నిర్మాణమును 1971లో ఆండ్రూ షాలీ, రోజర్ గిల్లెమిన్ బృందములు వేర్వేరుగా ఛేదించినవి. 1977లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిలో వారిరువురికి భాగము లభించినది.

ఆజ్ఞ ఏదో తెలిసినది గాని, అది ఏ తీరున వెళ్లవలెనో తెలియలేదు. ఎర్నెస్ట్ నోబిల్ అను శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు 1978లో రీసస్ కోతులపై జరిపిన ప్రయోగము ఆ రహస్యమును విప్పినది. జి.ఎన్.ఆర్.హెచ్.ను గంటకొకసారి కొద్దికొద్దిగా ఇచ్చినప్పుడు పీయూష గ్రంథి చక్కగా పనిచేసినది. అదే మందును ఎడతెగకుండ ఇచ్చినప్పుడు గ్రంథి పనిచేయుట మానుకొన్నది. పాఠశాలలో చదివినవారెవరికైనను ఇది సులభముగా బోధపడును. పీరియడుకొకసారి మ్రోగిన గంటకు పిల్లలందరు కదలుదురు. రోజంతయు మ్రోగుచునే ఉన్న గంటను ఎవరును పట్టించుకొనరు.

ఇక మిగిలినది ఆ గంటను కొట్టు చేయి ఎవరిదన్న ప్రశ్న. పుట్టిన కొద్ది నెలలలో పసిబిడ్డల శరీరములో ఈ వ్యవస్థ అంతయు కొంత కాలము పనిచేసి, పిదప సద్దుమణిగి, బాల్యమంతయు నిద్రించును. అనగా గ్రంథులు తొలినుండియు సిద్ధముగనే ఉన్నవి. కావలసినది మేలుకొలుపు. అది ఎక్కడినుండి వచ్చుచున్నదో వెదకినవారికి దొరకలేదు. దానిని వెదకనివారికి దొరికినది.

1996లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున హెర్షీ పట్టణములో డానీ వెల్చ్ బృందము మెలనోమా అను చర్మపు క్యాన్సర్‌పై పరిశోధించుచుండెను. క్యాన్సర్ కణములు ఒకచోటినుండి మరొకచోటికి ప్రాకకుండ అడ్డుకొను జన్యువొకటి వారికి కనబడినది. ఆ పట్టణము చాక్లెట్లకు ప్రసిద్ధి. అక్కడ తయారగు 'కిస్' అను చాక్లెట్ పేరే ఆ జన్యువునకు పెట్టినారు. ఆ విధముగా అది కిస్-1 జన్యువైనది. ప్రేమకును ఈ పేరునకును ఆనాడు ఎట్టి సంబంధమును లేదు. సంతానోత్పత్తితో సంబంధమున్నదన్న సంగతి అటుపిమ్మట బయటపడుట కేవలము కాకతాళీయము.

2001లో జపానుకు చెందిన టకేడా సంస్థ శాస్త్రజ్ఞులు, మరికొన్ని బృందములు ఆ జన్యువు తయారు చేయు పెప్టైడ్‌ను వేరు చేసినవి. మొదట 145 అమైనో ఆమ్లముల ప్రోటీన్ తయారై, అది తెగి 54 అమైనో ఆమ్లముల ముక్కగా మారును. అందులో చివరి పది మాత్రమే ఉన్నను పని జరుగును. కణముల పైపొరలో దీనిని అందుకొను గ్రాహకమునకు జి.పి.ఆర్.54 అని పేరు. ఆ గ్రాహకము 1999లోనే తెలిసియున్నను, దానికి తగిన సందేశమేదో తెలియక అంతవరకు అనాథగా మిగిలియుండెను.

2003వ సంవత్సరము ఈ కథలో మలుపు. ఫ్రాన్సులో నికొలా ద రూ బృందము, అమెరికాలో బోస్టన్ నగరమున స్టెఫానీ సెమినారా బృందము ఒకరితో నొకరికి సంబంధము లేకుండ ఒకే నిర్ణయమునకు వచ్చినవి. కొన్ని కుటుంబములలో పిల్లలు పెద్దవారైనను యవ్వన లక్షణములు రాలేదు. వారి జన్యువులను పరిశీలించగా జి.పి.ఆర్.54 గ్రాహకమును తయారుచేయు జన్యువు చెడియున్నట్లు తేలినది. ఆ గ్రాహకము లేకుండ పుట్టించిన ఎలుకలకును యవ్వనము రాలేదు. విశేషమేమనగా ఆ ఎలుకల హైపోథాలమస్‌లో జి.ఎన్.ఆర్.హెచ్. నిల్వ మామూలుగనే ఉన్నది. ఉన్నది విడుదల కాకపోవుటయే లోపము. గంట ఉన్నది, కొట్టు చేయి లేదు. ఆ చేయి కిస్‌పెప్టిన్ అని అప్పుడు స్పష్టమైనది.

పిదప సాక్ష్యములు ఒకదాని వెంట ఒకటి చేరినవి. 2008లో బ్రెజిల్ శాస్త్రజ్ఞులు అకాలముగా ఈడేరిన ఒక బాలికలో అదే గ్రాహకము ఆపవలసిన వేళకు ఆపక, సందేశమును సాగదీయుచున్నట్లు గుర్తించిరి. 2012లో టర్కీ దేశపు ఒక కుటుంబములో కిస్-1 జన్యువే చెడినందున యవ్వనము రాని సోదరీమణులను కనుగొనిరి. 2013లో ఎం.కె.ఆర్.ఎన్.3 అను మరొక జన్యువు సంగతి వెల్లడియైనది. బాల్యములో ఈ వ్యవస్థను అణచియుంచు పని దానిది. తండ్రినుండి వచ్చిన ఆ జన్యువు చెడినచో పిల్లలకు ఈడు ముందుగానే వచ్చును.

కిస్‌పెప్టిన్ తయారు చేయు నాడీకణములలో కొన్ని మరి రెండు పదార్థములను కూడ తయారు చేయును. న్యూరోకైనిన్-బి ఆ కణములను ఉత్తేజపరచును. డైనార్ఫిన్ వాటిని శాంతపరచును. ఒకటి తట్టుచు, ఒకటి ఆపుచు ఉండుటచే కిస్‌పెప్టిన్ సందేశము విడతలు విడతలుగా వెలువడును. దేహములోని కొవ్వు నిల్వను తెలుపు లెప్టిన్ హార్మోన్ వార్తయు నేరుగానో, ఇతర నాడుల ద్వారానో ఈ వ్యవస్థకు చేరును. తిండి చాలని పిల్లలకు ఈడు ఆలస్యమగుట, స్థూలకాయముగల బాలికలకు ముందుగా వచ్చుట ఇందువల్ల కొంత అర్థమగుచున్నది. బిడ్డను మోయగల శక్తి దేహమునకు చేకూరినదా లేదా అని చూచుకొనియే ప్రకృతి తలుపు తెరచును.

ఈ జ్ఞానము వైద్యమునకు ఉపకరించుట ఆరంభమైనది. 2005లో లండన్ ఇంపీరియల్ కళాశాల పరిశోధకులు ఆరోగ్యవంతులైన పురుషులకు కిస్‌పెప్టిన్ ఎక్కించగా వారి పీయూష గ్రంథి హార్మోన్లు పెరిగినవి. టెస్ట్ ట్యూబ్ పద్ధతిలో అండము పరిపక్వమగుటకు మామూలుగా ఇచ్చు ఇంజెక్షన్ వలన కొందరు స్త్రీలలో అండాశయములు విపరీతముగా ఉబ్బి ప్రాణాపాయము కలుగవచ్చును. దానికి బదులు కిస్‌పెప్టిన్ ఇచ్చినను అండము పరిపక్వమగునని అదే కళాశాలవారు 2014లో ప్రకటించిరి. 2015లో అట్టి అపాయము ఎక్కువగానున్న 60 మంది స్త్రీలకు దీనిని ఇచ్చిచూడగా ఒక్కరికిని ఆ ఉపద్రవము తీవ్రరూపము దాల్చలేదు. అయినను ఇది నేటికిని పరిశోధన దశలోనిదే. ప్రతిదినము రెండేసి ఇంజెక్షన్లు ఇచ్చినచో రెండు వారములకే శరీరము స్పందించుట మానుచున్నదని కూడ తేలినది. ఎడతెగని గంట పాఠము ఇక్కడను వర్తించును.

గర్భిణి రక్తములో జరాయువునుండి వెలువడు కిస్‌పెప్టిన్ కొన్ని వేల రెట్లు పెరుగును. అది తక్కువగానుండుటకును గర్భస్రావమునకును సంబంధమున్నట్లు కొన్ని పరిశీలనలు సూచించుచున్నవి. ఋతుక్రమము ఆగిన స్త్రీలలో ఈస్ట్రోజన్ అదుపు తొలగినందున ఈ నాడీకణములే ఉబ్బి, ఒంటినుండి ఆవిర్లు వచ్చు బాధకు కారణమగును. న్యూరోకైనిన్-బి ప్రభావమును అడ్డుకొను ఫెజోలినెటాంట్ అను మాత్రకు 2023లో అమెరికాలో అనుమతి లభించినది. దానిని వాడువారు కాలేయ పరీక్షలు చేయించుకొనుట తప్పనిసరి. ఇక క్యాన్సర్ విషయమున కిస్-1 పాత్ర అన్నిచోట్ల ఒకేరీతిగా లేదు. మెలనోమాలో మేలు చేసిన జన్యువు కాలేయపు క్యాన్సర్‌లో వ్యాధి ముదురుటకు తోడగుచున్నట్లు కొన్ని పరిశోధనలలో కనబడినది.

ఇంత దూరపు దేశములలో జరిగిన పరిశోధన ఒక తెలుగు పాఠశాల ప్రాంగణమున చెప్పవలసిన అవసరమేమి? అవసరము మూడు విధములు.

మొదటిది, సకాలమున గుర్తించుట. బాలికకు 8 ఏళ్లు నిండకముందే, బాలునకు 9 ఏళ్లు నిండకముందే యవ్వన లక్షణములు కనబడినచో వైద్యుని సంప్రదించవలెను. బాలికకు 13 ఏళ్లు వచ్చినను స్తనముల ఎదుగుదల మొదలు కాకున్నను, బాలునకు 14 ఏళ్లు వచ్చినను వృషణములు పెరుగకున్నను చూపించవలెను. ముందుగా ఈడేరిన పిల్ల తోటివారికంటె త్వరగా పొడవగును. కాని ఎముకలు ముందే ముదురుటచే చివరికి పొట్టిగా మిగిలిపోవచ్చును. జి.ఎన్.ఆర్.హెచ్.ను పోలిన మందును శరీరములో నిరంతరము నిలిచియుండునట్లు ఇచ్చి, ఈ అకాల యవ్వనమును ఆపుట నేడు స్థిరపడిన చికిత్స. నోబిల్ కోతుల ప్రయోగమే దానికి మూలము. ఆలస్యమైన పిల్లలలో అధికులది వంశములోనే వచ్చు ఆలస్యము. వారికి కాలమే మందు. కొద్దిమందిది మాత్రము నిజమైన లోపము. వారికిని హార్మోన్ చికిత్స కలదు. ఎవరిది ఏదో పరీక్షించి తేల్చవలసినదే గాని ఇరుగుపొరుగు తీర్పు చెప్పవలసినది కాదు.

రెండవది, మేనరికము. యవ్వనము రాని లోపమును 2003లోను, 2012లోను బయటపెట్టిన కుటుంబములలో తల్లిదండ్రులు దగ్గరి బంధువులు. ఇట్టి లోపము పైకి కనబడవలెనన్న, చెడిన జన్యువు తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి రావలెను. అట్టి దంపతుల ప్రతి సంతానమునకు నాలుగింట ఒక వంతు అవకాశము. ఒకే తాత నుండి దిగివచ్చినవారిలో ఒకే లోపము దాగియుండు అవకాశము హెచ్చు. మేనమామ, మేనబావ సంబంధములు తెలుగువారికి పరాయి ఊళ్లలో ఆప్యాయతను, ఆసరాను ఇచ్చినవి నిజమే. ఆ సంబంధములను నిందించనక్కరలేదు. సంబంధము కలుపుకొనుటకు ముందు జన్యువైద్యుని సలహా అడుగుట చాలును.

మూడవది, మాట. ఈడు రాని కుర్రవానిని తరగతిలో ఏడిపించుట, ముందుగా ఈడేరిన పిల్లను బడి మానిపించుట, పిల్లలు కలుగని కోడలిని నిష్ఠూరమాడుట నేటికిని పూర్తిగా సమసిపోలేదు. వీరిలో కొందరికి మెదడులో నువ్వుగింజంత చోట ఒక సందేశము అందలేదు, లేక వేళకు ముందే అందినది. అందులో వారి తప్పుగాని, తల్లిదండ్రుల పాపముగాని లేదు. ఏడేళ్ల పిల్ల దేహము పెరిగినను ఆమె మనస్సు ఏడేళ్లదే. ఆమెను పెద్దమనిషి అని పిలిచినంతమాత్రమున ఆమె పెద్దది కాదు. ఆమె స్థానము తరగతిలోనే. అట్టి పిల్లను గమనించి, తల్లిని పిలిచి, నలుగురి ముందు గాక ఏకాంతమున ఒక మాట చెప్పగల ఉపాధ్యాయిని చేయు ఉపకారము ఏ ఔషధమునకును తీసిపోదు.

డెబ్బది అయిదేళ్లుగా ఈ పాఠశాలలో వేళకు గంట మ్రోగుచున్నది. ఆ గంట వినవలసిన ప్రతి పిల్లయు, ఈడు ముందు వచ్చినను, వెనుక వచ్చినను, బల్లమీద తన చోటున కూర్చుండి వినునట్లు చూచుట పెద్దల బాధ్యత. కిస్‌పెప్టిన్ కథ పెద్దలకు నేర్పవలసిన పాఠము ఇదియే.