పరదేశపు నీరు, స్వదేశపు పతకము
(పొన్నూరు పఠనాలయమున జేసిన యుపన్యాసము)



ఈ పఠనాలయమున దేశచరిత్రమునో, కావ్యమునో గూర్చి ప్రసంగించుట వాడుక. నేడు నేనొక పడవవాని చరిత్రమును విన్నవింప బూనితిని. దీనినుండి మనము నేర్వవలసిన పాఠమొకటి కలదు. అది కొంత చేదుగా నుండును; అయినను హితము.

పడవ యనగా మన కాలువలలోని సరకుల పడవ గాదు. ఒక్క మనుష్యునికి మాత్రము చాలిన సన్నని, తేలికయైన పడవ. దానికి కయాక్ అని పేరు. రెండు కొనలను రెక్కలుగల తెడ్డుతో దానిని నడపుదురు. వడిగా బారు నీటిపైని జంటలు జంటలుగా కఱ్ఱలను వ్రేలాడగట్టి ద్వారము లేర్పఱతురు. ఆకుపచ్చ ద్వారములను ప్రవాహముతోబాటు దిగువకును, ఎఱ్ఱని ద్వారములను ప్రవాహమున కెదురుగా మఱలి యెగువకును దాటవలయును. కఱ్ఱను తాకినచో రెండు సెకండ్లు శిక్ష. ద్వారమును తప్పినచో ఏబది సెకండ్లు. దీనినే స్లాలమ్ పోటీ యందురు. ఇది 1932లో స్విట్జర్లాండున బుట్టినది; 1972లో ఒలింపిక్ క్రీడలలో జేరి, పిమ్మట మానివేయబడి, 1992లో మఱల వచ్చినది. ఇందు భుజబల మొక్కటియే చాలదు. నీటితో బోరాడువా డలసిపోవును. నీటిని చదువనేర్చినవాడు గెలుచును. అడ్డమువెనుక దిరుగు సుడిలో పడవముక్కును నిలిపి, ఆ సుడి బలముతోనే యెగువకు మరలుట యిందలి మర్మము.

బెంజమిన్ బుక్పేటి యనువాడు 1981లో ఫ్రాన్సు దేశమున జన్మించెను. తల్లి ఫ్రెంచి వనిత. తండ్రి ఆఫ్రికాఖండములోని టోగో దేశీయుడు. ఆ చిన్నదేశము మొదట జర్మనులకు వశమై, మొదటి మహాయుద్ధానంతరము ఇంగ్లీషువారికిని ఫ్రెంచివారికిని పంచబడెను. ఫ్రెంచివారి భాగము 1960లో స్వాతంత్ర్యము బడసెను. బెంజమిన్ పెరిగినది ఫ్రాన్సులో. తెడ్డు పట్ట నేర్చినదియు నచ్చటి నీటిలోనే. కాని పోటీకి నిలుచునప్పుడు తండ్రి దేశపు పతాకమునే వరించెను. 2004లో ఏథెన్సు క్రీడలలో పదునెనిమిదవ స్థానముతో వెనుదిరిగెను. నిరాశ చెందక మఱి నాలుగేండ్లు సాధనచేసెను. 2008 ఆగస్టు 12వ తేదీన బీజింగ్ క్రీడలలో జర్మనుడగు గ్రిమ్ స్వర్ణమును, ఫ్రెంచివాడగు లెఫేవ్ర్ రజతమును గొనగా, బుక్పేటి కాంస్యము గెలిచెను. ఆనందము పట్టజాలక, చేతనున్న తెడ్డును పడవపై మోది రెండు తునుకలు చేసెను. టోగో కది మొట్టమొదటి ఒలింపిక్ పతకము. 2024లో పారిస్ క్రీడలు ముగియు నాటికిని మఱియొకటి రాలేదు.

ఒకనాడు తన్ను పంచుకొనిన రెండు జాతులలో నొకటైన ఫ్రాన్సు చెంతనే, ఆ పేదదేశపు జెండా యెగిరినది. ఆ దృశ్యమునకు బులకింపని దేశభక్తు డుండునా? అయినను ఒక ప్రశ్న యుదయించును. పేరు టోగోది, నీ రెవ్వరిది? పడవ యెవ్వరిది? సాధన చేయించిన యేర్పాటు లెవ్వరివి? పుత్రుడు తండ్రి ఋణము దీర్చెను. దేశము పుత్రుని ఋణము దీర్చవలదా? ఒక కాంస్యము వచ్చిన పిమ్మట పదునాఱేండ్లకును రెండవది రాకుండుట యేమి చెప్పుచున్నది? ఎరువు దెచ్చుకొనిన దీపము ఒక్క రాత్రి వెలుగు నిచ్చును గాని యింటిలో చమురు పుట్టింపదు.

ఇది పరులపై విసరిన ఱాయి గాదు. మన యింటిమీదనే పడుచున్నది. గుంటూరు సీమనుండి వెడలిన బిడ్డ యేదో దూరదేశమున పదవి గాని బిరుదు గాని పొందెనన్న, మన మీ మందిరములోనే పత్రిక చుట్టు మూగి హర్షింతుము. హర్షింపవలసినదే. కాని యా బిడ్డకు వలయు నీటిని మన మిచ్చటనే యేల పాఱింపలేదని యెవ్వరైన నడుగుచున్నారా?

"ఇది సమతలభూమి, ఇచ్చట కొండవాగు లేవి?" యందురేమో. 1972 నాటి పోటీ జర్మనీలోని ఆగ్స్‌బర్గు నగరమున, పూర్వము మంచుగడ్డలను మళ్లించుటకై త్రవ్విన కాలువలో జరిగినది. బీజింగులో పంపులతో నీరెత్తి ప్రవాహమును నిర్మించిరి. పూనిక గలవానికి మైదానము సాకు గాదు. మన దేశములోనే మహేశ్వరమువద్ద నర్మద సహస్రధారగా చీలి పాఱుచోట, తరతరముల పడవవారగు కేవట్ల బిడ్డలు స్లాలమ్ సాధించి ఆసియా క్రీడల కేగిరి. మన నాగాయలంకలోను కృష్ణపై పడవపోటీలు నేర్చిన యువజనులు జాతీయస్థాయి కెక్కిరి. అయినను 2024 వరకు స్లాలమ్ పోటీలో ఒలింపిక్ క్రీడల కేగిన భారతీయు డొక్కడును లేడు.

మనకు నీటివిద్య క్రొత్తదియా? కొమ్మమూరు కాలువపై పడవలు పెదగంజాము జేరి, బకింగ్‌హాము కాలువద్వారా మద్రాసువఱకు బోయిన దినములు గలవు. గట్టున నడచుచు త్రాళ్లతో పడవలను లాగినవారును, లాకులయొద్ద చుక్కాని పట్టినవారును మన తాతలే. రైళ్లును లారీలును వచ్చి పడవలు పోయినవి. వానితో నీటిచెలిమియు బోయినది. నేడు కాలువగట్టున బుట్టిన బాలునికే ఈతరాదు. వేసవిలో స్నానమునకు దిగిన పిల్లవాడు మరలి రాలేదను వార్త మనమెన్నిమారులు చదువలేదు?

"మిరపకు ధర లేనినాడు పడవయాట యేల?" యని రైతు సోదరు డడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. నేను కోరునది ఆటకంటె ముందు ప్రాణరక్షణము. లాకుల దిగువ సుడులలో బిడ్డలను దింపుడని నే జెప్పుట లేదు, అది మృత్యుముఖము. ప్రతి పాఠశాలయు పదేండ్లు నిండిన బాలబాలికలకు గురువు కనుసన్నల ఈత నేర్పవలయును. పిమ్మట నిలుకడ నీటిలో పడవ నేర్పవలయును. ఆపైని ప్రభుత్వము కాలువపై నొక్క తావున సురక్షితమైన ప్రవాహమును నిర్మింపవలయును. ఈ మూడును మెట్లు. మొదటిది మన చేతిలోనిది, దానికి రాజధాని యనుమతి యక్కఱలేదు.

బుక్పేటి తన తెడ్డును విఱిచినది విజయానందముచేత. మన తాతల తెడ్లు మన యుపేక్షచేత విఱిగినవి. ఆ తునుకలను గట్టున బాఱవైచి పరదేశపు పతకములకు చప్పట్లు గొట్టుచు కూర్చుందుమా, లేక మన బిడ్డలకు మన నీటినే నేర్పుదుమా? సభ్యులారా, ఈ వేసవి రాకమునుపే మీరు నిశ్చయింపవలయును.