లంకెబిందెల ఆశ: మన యువతకు ఒక మాట
(సాంస్కృతిక సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంస్కృతి గురించి మాట్లాడమన్నారు. నేను లంకెబిందెల గురించి మాట్లాడతాను. ఎందుకంటే ఆ కథలు కూడా మన బతుకులోంచి పుట్టినవే. మన పూర్వీకులు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దేశమంతా తిరిగారు. రైళ్లు వచ్చాక ఆ వ్యాపారం పోయింది, కథలు మిగిలాయి. దొంగల భయానికి ఫలానా గుట్ట కింద, ఫలానా బావి పక్కన బంగారం పాతిపెట్టారని చెప్పేవాళ్లు ఏ తండాకు పోయినా ఉంటారు.

నేను డిగ్రీ చదివే రోజుల్లో మా తండాకు ఒక స్వామి వచ్చాడు. పాత గుడి వెనక ఏడు బిందెలున్నాయన్నాడు. పూజ ఖర్చుకు ఇంటింటా వసూలు చేశాడు. మా యాడి వెండి కడియాలు కుదువబెట్టింది. నేను ఒక్క ముక్క కూడా నమ్మలేదు. అయినా లాంతరు పట్టుకొని ముందు నడిచింది నేనే! ఎందుకు? "ఒకవేళ ఉంటేనో?" అనే ఒక్క మాట కోసం. మూడు రాత్రులు తవ్వితే బండ తగిలింది. నాలుగో రోజు స్వామి లేడు. కడియాలు మళ్లీ ఇంటికి రాలేదు.

ఆ రోజు నాకు ఒకటి తెలిసింది. అనుమానం ఉంటే సరిపోదు, ఆ అనుమానాన్ని నోరు తెరిచి అడగాలి. పూర్తిగా నమ్మినవాడు ఒకసారి మోసపోయి బుద్ధి తెచ్చుకుంటాడు. సగం నమ్మినవాడు "ఈ స్వామి వేరు" అనుకొని మళ్లీ బయలుదేరతాడు.

నేల కింద ఏమీ ఉండదని నేను అనను. మన సూర్యాపేట జిల్లా ఫణిగిరిలోనే 2024 మార్చిలో పురావస్తు శాఖ తవ్వకాల్లో ఒక మట్టికుండ బయటపడింది. అందులో 3,730 నాణేలు. అన్నీ సీసం నాణేలే, ఇక్ష్వాకుల కాలంనాటివి. ఒకవైపు ఏనుగు, ఇంకోవైపు ఉజ్జయిని చిహ్నం. కరిగిస్తే సీసం ధరే వస్తుంది. చదివితే మాత్రం 1,700 ఏళ్ల కిందటి మన ప్రాంతపు వ్యాపారం కళ్ల ముందుకొస్తుంది. 2021లో జనగామ దగ్గర పెంబర్తిలో భూమి చదును చేస్తుంటే నిజంగానే బంగారు, వెండి నగలున్న పాత్ర దొరికింది. బంగారం 20 తులాల లోపే. అధికారులు స్వాధీనం చేసుకున్నారు. ఈ రెండు చోట్లా పూజారి లేడు, బలి లేదు, అమావాస్య లేదు.

కాబట్టి ఎవరైనా నిధి ఉందని వస్తే మూడు మాటలు అడగండి. "చోటు నీకు తెలిసినప్పుడు మా డబ్బు ఎందుకు? పగలు ఎందుకు తవ్వవు? తహసీల్దారుకు ఎందుకు చెప్పవు?" దొరికింది దాచుకోవడం నేరం. రక్షిత కట్టడాల దగ్గర తవ్వడమే నేరం. పిల్లలమర్రిలాంటి కాకతీయుల కాలపు గుళ్లు మన పక్కనే ఉన్నాయి. ఎన్నో పల్లెల్లో ఇలాంటి ఆశకే నందులు పగిలాయి, లింగాలు పెకిలిపోయాయి. జైలుకు పోయేది తవ్విన కూలీ పిల్లలు. స్వామి బస్సెక్కి పోతాడు.

తమ్ముళ్లూ, ఆశ తప్పు కాదు. ఎకరం భూమి, అప్పుల భారం ఉన్న ఇంట్లో పుట్టినవాడు పెద్ద కల కనడం న్యాయమే. కానీ తవ్వే ఓపిక మీకుంటే చరిత్ర చదవండి, పురావస్తు శాస్త్రం చదవండి. ఫణిగిరి శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా వెళ్లాయి. మన ఎద్దుల బిడారు దారుల గురించి రాసేందుకు మన తండా బిడ్డలు ఎంతమంది ఉన్నారు?

ఈ రాత్రి ఇంటికి వెళ్లి మీ తాతను అడగండి. మనవాళ్లు ఏ దారిన వచ్చారు? ఏ బావి దగ్గర ఆగారు? ఫోనులో రికార్డు చేసుకోండి. మన గోర్ బోలికి సొంత లిపి లేదు. ఆ తాత పోతే ఆ మాట మళ్లీ ఏ గుట్ట తవ్వినా దొరకదు.

జై సేవాలాల్.