చెవి అందితే ఆరేళ్లు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న ఈ దినోత్సవం ఎందుకు జరుపుకుంటున్నామో మీకు తెలియనిది కాదు. 1982లో అదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు, పింఛను దయతలచి వేసే భిక్ష కాదనీ, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అనీ తీర్పు చెప్పింది. ఆ తీర్పు నీడన మనం నిశ్చింతగా ఉన్నాం. ఈ రోజు ఆ నీడ సరిగా అందని ఒక ఆడకూతురు గురించి, అందులో నా తప్పు గురించి మనవి చేసుకోదలిచాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను మన మెట్‌పల్లికి ఉత్తరాన, గోదావరి ఒడ్డు ఊరి బడిలో పంతులుగా ఉన్నాను. ఊరిలో సగం గంగపుత్రుల ఇండ్లు. వాన బాగా కురిసి చెరువు మత్తడి దుంకితే వాళ్లకు పండుగ. కొర్రమట్టలు, పరకలు గంపలకెత్తి ఆడవాళ్లు ఊరూరా తిరిగి అమ్మేవారు. డబ్బు లేని ఇంట్లో వడ్లకో, మక్కలకో చేపలు ఇచ్చి వచ్చేవారు. ఎండాకాలం వచ్చి చెరువు అడుగు పర్రెలు వారితే వల దండెం మీదికి ఎక్కేది. గోదావరి ఉంది గదా అంటారేమో. పోచంపాడు ఆనకట్టకు కింది ఊర్లు అవి. గేట్లు ఎత్తితే వరద, దించితే ఇసుక. కాకతీయ కాలువ వచ్చి వరికీ పసుపుకూ నీళ్లు అందాయి, కాదనను. కానీ భూమి లేని వల మనిషికి ఆ నీళ్లతో ఒరిగింది తక్కువ.

అప్పుడు ఆ ఇండ్లను నిలబెట్టింది బీడీ చాట. వేసవిలో అడవిలో కోసి, యాభై ఆకుల కట్టలు కట్టి, కల్లాల్లో ఎండబెట్టిన తునికాకు ఈ చాటల్లోకే వస్తుంది. ఆకు తడిపి, కత్తెరతో కోసి, తంబాకు పోసి చుట్టి, దారం కట్టాలి. ఇరవై ఐదు బీడీలు ఒక కట్ట. వెయ్యి బీడీలు కావాలంటే నలభై కట్టలు. పొద్దున వంట ముగించి కూర్చుంటే దీపాలు పెట్టేదాకా నడుము ఎత్తడానికి లేదు. మగవాళ్లు గల్ఫ్‌కు పోయి ఉత్తరం రాని నెలల్లోనూ పిల్లలకు బువ్వ పెట్టింది ఈ చాటే. బీడీ తాగడం చెడ్డదే, నేనూ కాదనను. తాగినవాడి దగ్గు మనకు వినబడింది కానీ, చుట్టిన తల్లి దగ్గు వినబడలేదు.

1972లో బడి తెరిచిన రోజుల్లో ఒక తల్లి తన బిడ్డను చేర్చడానికి తీసుకువచ్చింది. పుట్టిన తేదీ అడిగాను. "పోచంపాడుకు నెహ్రూ వచ్చిన ఏడు, కార్తీకంల పుట్టింది సారూ" అంది. నేను వినిపించుకోలేదు. అందరికీ పెట్టే పరీక్షే పెట్టాను. కుడిచేయి తలమీదుగా పోనిచ్చి ఎడమ చెవి పట్టుకోమన్నాను. అందింది. ఆరేళ్లు అనుకుని 1-7-1966 అని రాశాను. ఆ తరగతిలో చాలామందికి జూలై ఒకటే పుట్టినరోజు!

పోచంపాడుకు నెహ్రూ గారు శంకుస్థాపన చేసింది 26 జూలై 1963. అంటే ఆ పిల్ల 1963 నవంబరు ప్రాంతంలో పుట్టింది. తల్లి చదువుకోలేదు కానీ ఆమె లెక్క సరైనది. చదువుకున్న నా లెక్క తప్పు.

ఆ పిల్ల మూడో తరగతితో బడి మానేసి చాట ముందు కూర్చుంది. 1977లో బీడీ కార్మికులకు ప్రావిడెంట్ ఫండ్ వర్తింపజేశారు. ఆమెకు పి.ఎఫ్. కట్టడం మొదలైనప్పుడు తల్లి చెప్పిన లెక్కే రాసుకున్నారు. 1995 పింఛను పథకం ప్రకారం పదేళ్ల సర్వీసు ఉంటే 58 ఏళ్లకు పింఛను రావాలి. 2014 సెప్టెంబరు నుంచి కనీస పింఛను వెయ్యి రూపాయలు. బీడీ కార్మికులకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే భృతి వేరు, ఇది వేరు. 2021 చివరలో ఆమె దరఖాస్తు పెడితే తిరిగి వచ్చింది. ఆధార్‌లో బడి సర్టిఫికెట్ చూసి 1966 రాశారు, పి.ఎఫ్.లో 1963 ఉంది.

ఆమె నా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. "సారూ, నా తారీకు మీరే రాసిండ్రట గదా. జర చూడుండ్రి" అంది. కోపం లేదు, నిష్ఠూరం లేదు. నేను తలెత్తలేకపోయాను. "తప్పు నాదే బిడ్డా" అని వెంట వెళ్లాను. బడి రిజిస్టరు తీయిస్తే దస్తూరి నాదే. పక్కన నా పొట్టి సంతకం. ఆఫీసుకు మూడుసార్లు తిరిగాం. తిరిగిన ప్రతిరోజూ ఆమెకు వెయ్యి బీడీల కూలి పోయింది. రాసి ఉన్నదే రుజువు, తల్లి మాట రుజువు కాదన్నారు. చివరకు నా తేదీయే ఖాయమైంది. పింఛను 2024 జూలైలో మొదలైంది.

ముప్పై రెండు నెలలు, నెలకు వెయ్యి, 32,000 రూపాయలు. నేను ఇవ్వబోతే ఆమె తీసుకోలేదు. "మీరు అక్షరం చెప్పిండ్రు, అది చాలు" అంది. ఆ మాట నాకు ఊరట కాలేదు.

మిత్రులారా! మనలో పంతుళ్లున్నారు, రెవెన్యూ వారున్నారు, తపాలా వారున్నారు. పేరులో ఒక అక్షరం, తేదీలో ఒక అంకె మన కలం నుంచి ఎన్ని జారాయో మనకే తెలియదు. వాటిని మోస్తున్నది చాట ముందు నడుము వంగినవాళ్లు. నెలకు ఒక్క పూట మన సంఘం గదిలో ఇద్దరం కూర్చుందాం. 58 ఏళ్లు వచ్చేదాకా ఆగవద్దు. యాభై దాటిన ప్రతి బీడీ కార్మికురాలి ఆధార్, పి.ఎఫ్. కాగితాలు పక్కపక్కన పెట్టి చూద్దాం. తేడా ఉంటే సవరణకు దరఖాస్తు మనమే రాద్దాం. కళ్లద్దాలూ కలమూ ఉన్నాయి, తీరికా ఉంది.

పింఛను హక్కు అన్న మాట మన దగ్గరే ఆగిపోకూడదు. వచ్చే నెల మొదటి సోమవారం నేను కూర్చుంటాను. నాతో ఎవరు కూర్చుంటారో ఈ సభ ముగిసేలోగా చెప్పవలసిందిగా ప్రార్థిస్తున్నాను.