ద్వితీయ భాషగా తెలుగు: యంత్రానికి ఏ పని అప్పగించాలి?

 

భాషా బోధనలో సాంకేతికత అనగానే మన చర్చ ఇంగ్లీషు వైపు మళ్లుతుంది. ఈ సదస్సులో నేను తెలుగును రెండో భాషగా నేర్చుకునేవాళ్ల గురించి మాట్లాడతాను. మనం అనుకునేదానికంటే వాళ్లు చాలామంది ఉన్నారు. ఆదిలాబాద్ ప్రాంతంలో గోండి, కొలామి మాట్లాడే పిల్లలకు బడిలో వినిపించే తెలుగు రెండో భాషే. ఉత్తరాంధ్ర కొండల్లో సవర పిల్లల సంగతీ అంతే. తెలంగాణలో 2018 చట్టం వచ్చాక ఏ బోర్డు బడి అయినా తెలుగు నేర్పాలి. కాబట్టి ఉర్దూ, హిందీ, మరాఠీ, బెంగాలీ ఇళ్ల పిల్లలూ మన తరగతుల్లో కూర్చుంటున్నారు. పంతొమ్మిదో శతాబ్దంలో మారిషస్‌కు కూలీలుగా వెళ్లినవారి సంతతి నేటికీ అక్కడి బడుల్లో తెలుగు చదువుతోంది. అమెరికాలో సిలికానాంధ్ర 2007లో మనబడిని మొదలుపెట్టింది. అమ్మానాన్నలు తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పే పిల్లల కోసం ఇలాంటి బడులు పనిచేస్తున్నాయి.

వీళ్లందరికీ మన దగ్గరున్నది తెలుగు ఇంటి పిల్లల కోసం రాసిన వాచకం. బడికి వచ్చేనాటికే తెలుగు మాట్లాడగల పిల్లవాడికి అక్షరాలు నేర్పడానికి తయారైన పుస్తకం అది. మాటే రాని పిల్లవాడి ముందు దాన్ని తెరిస్తే గుణింతం వస్తుంది గాని భాష రాదు. ఆ పుస్తకాన్నే ట్యాబ్‌లోకి ఎక్కించి డిజిటల్ విద్య అంటే నేను ఒప్పుకోను.

యంత్రం మన రంగానికి కొత్తేమీ కాదు. లీ లిస్కర్ 1963లో మాట్లాడే తెలుగుకు పాఠ్యపుస్తకం రాశారు. భద్రిరాజు కృష్ణమూర్తి, శివానందశర్మ గార్లు 1968లో ఆధునిక తెలుగుకు ప్రాథమిక పాఠాలు కూర్చారు. అది భాషా ప్రయోగశాలల కాలం. విద్యార్థి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఒకే వాక్యాన్ని మార్చి మార్చి పలికేవాడు. తర్వాత 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు సైట్ ప్రయోగం జరిగింది. ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకు టెలివిజన్ చేరింది. ఆంధ్రప్రదేశ్ పల్లెలు తెలుగు కార్యక్రమాలు చూశాయి. పొద్దున పూట బడిపిల్లలకు పాఠాలు వచ్చేవి. అంత పెద్ద ప్రయత్నంలోనూ మాట ఒకవైపే నడిచింది. పెట్టె చెప్పేది, పిల్లలు వినేవారు. పిల్లలు ఏమన్నారో వినే ఏర్పాటు దానికి లేదు.

వినే యంత్రం వచ్చాక ఏం జరిగిందో చెప్పడానికి మన హైదరాబాద్‌లోనే ఒక ఉదాహరణ ఉంది. సుగతా మిత్రా, జేమ్స్ టూలీ బృందం 2003లో ఒక పరిశోధన పత్రం ప్రచురించింది. తక్కువ ఫీజు ప్రైవేటు బడిలో చదివే 16 మంది పిల్లలకు ఒక కంప్యూటర్ ఇచ్చారు. అందులో మాట్లాడిన ఇంగ్లీషును అక్షరాల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్ ఉంది. పిల్లలు ఒకటి అంటే అది ఇంకొకటి టైపు చేసేది. నీ మాట దానికి అర్థమయ్యేలా చెప్పు అని వదిలేశారు. పిల్లలు ఒకరికొకరు చెప్పుకుంటూ, మళ్లీ మళ్లీ పలుకుతూ కొద్ది నెలల్లో ఉచ్చారణను బాగా మార్చుకున్నారని పరిశోధకులు నమోదు చేశారు. పదహారు మందితో చేసిన పని మీద పెద్ద సిద్ధాంతం నిలబెట్టకూడదు. ఇంగ్లీషును ఎవరి యాసకు దగ్గర చేశారన్న ప్రశ్న కూడా నాకుంది. అయినా ఆ ప్రయోగంలో నన్ను పట్టుకున్న విషయం వేరే. ఆనాటి యంత్రానికి పిల్లల మాట అర్థం కాలేదు. అర్థం కాకపోవడమే పాఠమైంది.

ఇప్పటి యంత్రానికి దాదాపు అన్నీ అర్థమవుతున్నాయి. మన కష్టం అక్కడే మొదలైంది.

మాటను గుర్తించే సాఫ్ట్‌వేర్ శబ్దం ఒక్కటే చూడదు. ముందూ వెనకా ఉన్న మాటలను బట్టి అక్కడ ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో లెక్కకట్టి దాన్ని రాస్తుంది. న్యూజెర్సీలో పెరిగిన పాప "టాటగారు వచ్చారు" అన్నా తెర మీద "తాతగారు వచ్చారు" అనే పడవచ్చు. "నాన" అన్నా "నాన్న" కావచ్చు. తెలుగులో హ్రస్వ దీర్ఘాలు, ద్విత్వాలు, తకార టకారాల తేడా ప్రాణం లాంటివి. పరభాషా పిల్లలు తడబడేది సరిగ్గా వాటి దగ్గరే. యంత్రం ఆ తడబాటును చడీచప్పుడు లేకుండా సర్దేస్తోంది. మాటలాడే చాట్‌బాట్లదీ అదే తీరు. హిందీ ఇంటి పిల్లవాడు "రేపు మనం మీ ఇంటికి వస్తాం" అని టైపు చేస్తే, అది భావం గ్రహించి మర్యాదగా జవాబిస్తుంది. పంతులమ్మ అయితే "మనం అంటున్నావు, నన్నూ కలిపావా?" అని అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్నతో మేము, మనం వేరని వాడికి ఎప్పటికీ గుర్తుండిపోతుంది.

రాతలోనూ ఇదే వరస. రోమన్ అక్షరాల్లో కొడితే తెలుగు మాటలు వరసగా కనిపిస్తాయి, వాటిలో ఒకదాన్ని వేలితో తాకితే చాలు. దీర్ఘం ఎక్కడ, ఒత్తు ఎక్కడ అన్నది తేల్చే పని పిల్లవాడికి లేదు. వచ్చిన భాషను వాడుకునేవాళ్లకు ఇది గొప్ప సౌకర్యం. నేర్చుకునేవాడికి మాత్రం నష్టం. అందుకే మొదటి రెండేళ్లు పిల్లలకు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఇవ్వాలని నా సూచన. అందులో క నొక్కి, పొల్లు నొక్కి, మళ్లీ క నొక్కితేనే క్క వస్తుంది. అక్షరం ఎలా కూడుతుందో వేళ్లకు తెలుస్తుంది.

వాడకానికి పనికొచ్చే పరికరం నేర్చుకోవడానికి కూడా పనికొస్తుందని మనం తొందరపడి అనుకున్నాం. కష్టం తగ్గించడం మొదటిదాని పని. తగినంత కష్టాన్ని తగిన చోట మిగల్చడం రెండోదాని పని. గూగుల్ అనువాదంలోకి 2011లో తెలుగు చేరింది. అది యాత్రికుడికి మేలు చేస్తుంది. ఆరో తరగతి పిల్లవాడి ఇంటిపనిని మాత్రం వాడి చేతిలోంచి లాక్కుంటుంది.

అలాగని యంత్రం తెలివి అక్కరలేదనను. కావలసిన చోట అది లేదని నా ఫిర్యాదు. బ్రౌన్ నిఘంటువు, గ్విన్ నిఘంటువు ఇవాళ ఇంటర్నెట్‌లో ఉచితంగా వెతుక్కోవచ్చు. కానీ కొత్తగా నేర్చుకునేవాడు "రాలేదు" అన్న మాట చూసి నిఘంటువు తెరిస్తే దారి దొరకదు. "వచ్చు" దగ్గరికి వెళ్లాలని వాడికెలా తెలుస్తుంది? క్రియారూపాన్ని విడదీసి ధాతువును చూపే ప్రోగ్రాములు యంత్రానువాదం కోసం హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఎప్పుడో తయారయ్యాయి. వాటిని విద్యార్థి నిఘంటువుకు జోడిస్తే ఏ ట్యాబ్ పథకం కంటే ఎక్కువ మేలు జరుగుతుంది.

ఇంగ్లీషు బోధన కోసం ఎన్.ఎస్.ప్రభు 1979 నుంచి 1984 దాకా దక్షిణ భారత బడుల్లో నడిపిన బెంగళూరు ప్రాజెక్టును ఇక్కడ గుర్తుచేయాలి. ఖరీదైన పరికరాలేవీ లేకుండా మామూలు బడుల్లోనే అది సాగింది. రైళ్ల టైమ్‌టేబుల్ ఇచ్చి, ఫలానా ఊరికి ఫలానా వేళకు చేరాలంటే ఏ బండి ఎక్కాలని అడిగేవారు. పిల్లల ధ్యాస లెక్క తేల్చడం మీద ఉండేది, భాష ఆ దారిలో వచ్చేది. ఇప్పుడు ప్రతి ఫోన్‌లోనూ పటం ఉంది, బస్సుల వేళలు ఉన్నాయి, కూరగాయల ధరలున్నాయి. ఇద్దరు పిల్లలకు చెరి సగం సమాచారం ఇచ్చి, తెలుగులో అడిగి తెలుసుకుంటే తప్ప పని కాదన్నట్టు పాఠం అల్లవచ్చు. ఇందుకు కావలసింది పాఠం అల్లగల ఉపాధ్యాయుడు. శిక్షణ డబ్బు పరికరాలకు పోయి, ఉపాధ్యాయుడికి ఒక పూట ప్రదర్శన మాత్రమే మిగులుతుంటే ఆ పని జరగదు.

చివరగా గిరిజన బడుల మాట. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్య మొదలైంది. ఇంటి భాషలో చదువు మొదలుపెట్టి, మెల్లగా తెలుగులోకి తీసుకురావాలన్నది దాని పద్ధతి. శాస్త్రీయమైన పద్ధతి అది. సవర, కువి, కొలామి మాటలు వినిపించి పక్కనే తెలుగు మాట వినిపించే చిన్న రికార్డింగులు ఆ ఊరి పెద్దల గొంతుతో, ఆ బడి పంతులు ఫోన్‌తోనే చేయవచ్చు. నెట్‌వర్క్ అందని చోట మెమరీ కార్డు చాలు. మార్కెట్ ఎటూ ఈ పని తలకెత్తుకోదు. మనమే చేయాలి.

అందుకని సదస్సు ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ దాదాపు 2,000 గంటల తెలుగు మాటను ప్రజల నుంచి సేకరించింది. అది మన ధైర్యానికి ఆధారం. తెలుగు నేర్చుకుంటున్నవాళ్ల మాటను, తప్పులతో సహా, ఏది ఎక్కడ తప్పిందో గుర్తించి మనం సేకరిద్దాం. పిల్లల పేర్లు, వివరాలు బయటపెట్టకుండా, తల్లిదండ్రుల అనుమతితో చేద్దాం. దాన్ని అందరికీ ఉచితంగా అందుబాటులో పెడదాం. "టాటగారు" అని వింటే "టాటగారు" అనే రాసి చూపే యంత్రం అప్పుడే సాధ్యమవుతుంది. తరగతి గది మీ చేతిలో ఉంది, ఆ గొంతులు రోజూ మీకు వినిపిస్తున్నాయి. ఈ పనిలో చేరదలచినవారు మధ్యాహ్నం సమావేశానికి ముందే తమ పేర్లు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.